పందొమ్మిదో ఇంటి పిడికెడు

కిందటి భాగంలో, సోమవారం మంచిర్యాల ఫంక్షన్ హాల్లో చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చిన ప్రిస్కిల్లా దగ్గర ఆగాం. 'గరిటె పట్టు' అనే టీవీ వంటల పోటీకి ఎంపికలు జరుగుతున్నాయంటే, నస్పూర్ బొగ్గుబాయి కాలనీ నుంచి ఒక గిన్నె, ఒక గంటె పట్టుకుని వెళ్లి, బగారా అన్నం వండి నూట నలభై మందిని వెనక్కి నెట్టిన మనిషి ఆమె. తెల్లగడ్డం జడ్జిగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. రెండో ముద్దకు కళ్లు తెరిచి, "ఏం బియ్యమమ్మా ఇవి?" అన్నాడు. "హెచ్ఎంటీ అండీ" అంది ప్రిస్కిల్లా. ఇంట్లో ఉన్నవి అవే కాబట్టి ఆ మాట చెప్పడానికి ఆమెకు ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. వచ్చే గురువారం హైదరాబాద్‌లో మళ్లీ అదే బగారా, అదే రుచితో వండాలి.

చిక్కల్లా ఒక్కటే. ఆ బగారా మళ్లీ రావడం లేదు.

మంగళవారం వండింది, బుధవారం వండింది, గురువారం, శుక్రవారం కూడా వండింది. అదే షాజీరా, అదే పుదీనా, అదే గిన్నె, అదే పొయ్యి. తిన్నవాళ్లు బాగుందనే అన్నారు గానీ ఎవరూ కళ్లు మూసుకోలేదు. నాలుగో రోజుకు ఆమె భర్త వెస్లీ డ్యూటీకి టిఫిన్ డబ్బా కట్టించుకుంటూ, "ఇయ్యాలన్న జర చారన్నం వెట్టరాదే, నీకు పుణ్యముంటది" అని బతిమాలుకున్నాడు.

ఇక శనివారం మధ్యాహ్నం. అయిదో గిన్నె మూత తీసి ప్రిస్కిల్లా ఒక మెతుకు నలిపింది, నోట్లో వేసుకుంది, నీరసంగా పీట మీద కూలబడింది. ఫోన్‌లో 'ఉప్పు-కారం' గ్రూపు గొల్లుమంటోంది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా నలభై రెండు మంది ఆడవాళ్లున్న గ్రూపు అది. కాకరకాయ చేదు పోవాలంటే ఏం చేయాలి దగ్గర మొదలుపెట్టి కోడళ్ల చేదు దాకా అన్నీ అక్కడే తేలాలి. అందులో అందరికన్నా గొంతు పెద్దది జమ్మికుంట మమతారాణిది. పత్తి మార్కెట్ యార్డు ఎదురుగా ఇల్లు. వాయిస్ మెసేజ్ పెడితే వెనక ట్రాక్టర్లు కూడా మాట్లాడుతుంటాయి.

"అక్కా, నా మాట విను. ఎసరుల నాలుగు చుక్కల నిమ్మరసం పిండు. మెతుకు మెతుకు ఇడుస్తది. అయినా గా టీవీ షోలను నువ్వు నమ్ముడేంది? నేను అన్ని షోలూ చూస్త. ఒక్కామె గూడ ఉల్లిగడ్డ కోస్తే ఏడ్వదు. ముక్కు చీదదు. వంట అయినంక గూడ కొంగు తెల్లగనే ఉంటది. గట్ల ఎవలింట్లనన్న అయితదా? గా జడ్జి కండ్లు మూసుకున్నడంటే నిద్రొచ్చి మూసుకున్నడో ఏమో!"

మామూలు రోజైతే ప్రిస్కిల్లా పగలబడి నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్లుగా వంట చేస్తోంది. పెళ్లిళ్లకు చేసింది, క్రిస్మస్‌కు చేసింది, ఎవరింట్లో చావు జరిగితే మూడో రోజు వంటా చేసింది. తిన్నవాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోయారు తప్ప, నీ వంటలో ఏముంది అని నిలబెట్టి అడిగినవాడు ఆ జడ్జి ఒక్కడే. ఆ ప్రశ్న రుచి ఆమెకు ఇంకా నాలుక మీదే ఉంది. గురువారం మామూలు బగారా వండి పెట్టి, ఆయన మొహంలో మర్యాద నవ్వు చూడడం కన్నా పోకుండా ఉండడమే నయమనిపిస్తోంది.

"ఏదీ, నన్ను సూడనియ్యి" అంటూ పక్కింటి సుల్తాన్ బీ వంటింట్లోకి వచ్చింది. ఆ ఇంట్లోకి ఆమె తలుపు తట్టి వచ్చిన రోజు లేదు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, ఒకటే కరివేపాకు చెట్టు. చెట్టు వీళ్ల పెరట్లో ఉంటుంది, సగం ఆకు ఆమె కూరల్లో ఉంటుంది. మెతుకు నోట్లో వేసుకుని, దవడ ఒక పక్కకు పెట్టి నమిలి, "మసాలా బరాబర్. నీళ్లు బరాబర్. బియ్యంలనే జాన్ లేదు బేటీ" అని తేల్చేసింది. తిండి విషయంలో సుల్తాన్ బీ మొహమాటానికి పోయి అబద్ధం చెప్పగా చూసినవాళ్లు కాలనీలో లేరు.

"సోమవారం గూడ గివే బియ్యం ఖాలా!"

"నాకు తెల్వది. నాలుక చెప్పింది చెప్పిన."

సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి ప్రిస్కిల్లా అత్త ఆనందమ్మ కేక వినిపించింది. కేక అంటే పెద్దది కాదు. ఆనందమ్మ కోపం ఎక్కువైన కొద్దీ గొంతు తగ్గుతుంది. ఆ లెక్కన ఇప్పుడు చాలా ఎక్కువగా ఉన్నట్టు.

"ప్రిస్కిల్లా. గిటు రా."

వెనక గదిలో ఆనందమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ముందు పెద్ద స్టీలు డబ్బా, మూత తీసి ఉంది. అది ఇంటి డబ్బా కాదు, స్త్రీల సమాజం డబ్బా. చర్చిలో పద్దెనిమిది ఇళ్ల ఆడవాళ్లు పొద్దున అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం ఆదివారం ఆ బియ్యం తెచ్చి ఈ డబ్బాలో పోస్తారు. ఎవరింట్లోనైనా పొయ్యి వెలగని రోజు వస్తే అందులోంచి కొంత చప్పుడు లేకుండా ఆ ఇంటికి వెళుతుంది. మిగిలినవి కోతపండుగ నాడు వండి అందరికీ వడ్డిస్తారు. ఆ కోతపండుగ రేపే. డబ్బా కాపలా ఇరవై రెండేళ్లుగా ఆనందమ్మది. ఆదివారం బియ్యం పోశాక అరచేత్తో పైన చదును చేసి, వేలితో సిలువ గీసి మూత పెడుతుంది. ఎవరు చెయ్యి పెట్టినా సిలువ చెరిగిపోతుంది, తెలిసిపోతుంది.

ఇప్పుడు డబ్బాలో సిలువ లేదు. నడుమ రెండు గిలాసలు పట్టేంత గుంట ఉంది.

"ఎవలు తీసిన్రు?" అంది ఆనందమ్మ.

ప్రిస్కిల్లా ఒంగి చూసింది. గుంట కన్నా ముందు ఆమెకు బియ్యం కనిపించాయి. సన్నవీ దొడ్డువీ, తెల్లవీ ఎర్రవీ, నూకలూ అన్నీ కలగలిసిన బియ్యం. సోమవారం పొద్దున ఏం జరిగిందో ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది. పండుగకని వంటింటికి సున్నాలేస్తున్నారు. డబ్బాలన్నీ తీసి వెనక గదిలో నేల మీద పెట్టారు. ఆరింటికే ఆటో వచ్చి హారన్ కొడుతుంటే, దొరికిన డబ్బాలోంచి రెండు గిలాసలు సంచిలోకి వంపుకుని ఉరికింది. ఫంక్షన్ హాల్లో కెమెరా లైట్ల కింద కంగారులో ఆ బియ్యాన్ని కడిగిందే గానీ చూడలేదు.

"అత్తమ్మా..." అంది. "నేనే తీసిన. ఎర్క లేక తీసిన. సోమవారం నేను వండింది గివే బియ్యం."

ఆనందమ్మ కళ్లజోడు సర్దుకుని, "దేవుని బియ్యం వండి, వందల మంది ముందర హెచ్ఎంటీ అని చెప్పొచ్చినవా?" అంది.

గడపలో నిలబడ్డ సుల్తాన్ బీ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "నేను చెప్పలే? బియ్యంలనే ఉన్నది కత!"

"నువ్వు నవ్వకు సుల్తానా. గిది నవ్వే ముచ్చట కాదు" అంది ఆనందమ్మ. కానీ ఆమె పెదవి కూడా ఒక మూల కొంచెం కదిలింది. ఆ కదలిక చూసి ప్రిస్కిల్లాకు ప్రాణం లేచొచ్చింది.

"రెండు గిలాసలు కాదు, నాలుగు గిలాసలు పోస్త అత్తమ్మా. కని నాకు గా రుచి ఏడికెళ్లి వచ్చిందో చెప్పు. పద్దెనిమిది ఇండ్లు తిరిగి పద్దెనిమిది పిడికెళ్లు అడుక్కుంట. గురువారం గవే వండుత."

ఆనందమ్మ ఈ మాటకు వెంటనే ఒప్పుకోలేదు. కానీ బియ్యం గురించి ఎవరైనా అడిగితే ఊరుకునే మనిషి కూడా కాదు. చాట తెప్పించి, దోసెడు బియ్యం పోసి, కిటికీ వెలుతుర్లో పరిచింది. వేలితో ఒక్కో గింజను పక్కకు జరుపుతూ ఇళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ఇళ్లను బియ్యాన్ని బట్టి గుర్తుపడుతుందని ప్రిస్కిల్లాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ తెలియలేదు.

"గిది భూమవ్వ. రేషన్ బియ్యం, దొడ్డుగ ఉంటయి. నమిలితే పంటికి తెలుస్తది. గీ ఎర్రవి కనకవ్వయి. షుగర్ వచ్చిన కాన్నుంచి సగం పట్టిచ్చిన బియ్యమే తింటున్నది. గీ నూకలు కైలాసం పెండ్లాం తెస్తది. ఆమెను ఏమనకు, ఉన్నయే అవి. నూకలు కరిగి మసాలాను పట్టుకుంటయి. గిది ఏలియా ఇంటిది, కొత్త బియ్యం, జిగురు ఎక్కువ. గీ సన్నవి మనయే, పాత బియ్యం..."

చాటలో చిన్న చిన్న కుప్పలు ఏర్పడ్డాయి. ప్రిస్కిల్లా నోరు తెరుచుకుని చూస్తోంది. దొడ్డువి పలుకుగా ఉంటాయి, నూకలు మెత్తబడతాయి, పాతవి పొడిపొడిగా విడిపోతాయి. ఒక్క ముద్దలో ఇన్ని రకాల నమలుడు ఉంటే జడ్జి కళ్లు మూసుకోడా మరి! నిమ్మరసం పిండితే వచ్చేది కాదిది.

చివర్లో ఆనందమ్మ వేలు ఆగిపోయింది. చాట మూల పొట్టిగా, గుండ్రంగా, తేనెరంగు తిరిగిన గింజలు కొన్ని మిగిలాయి. రెండు తీసి అరచేతిలో నలిపి వాసన చూసింది. ప్రిస్కిల్లా ముక్కు దగ్గర పెట్టింది. సోమవారం గిన్నె మూత తీసినప్పుడు హాలంతా కమ్ముకున్న వాసన అదే. మొక్కజొన్న పొత్తు కాల్చినప్పుడు వచ్చేలాంటి తీపి వాసన.

"గిది ఎవలిది?" అంది ఆనందమ్మ. "పద్దెనిమిది ఇండ్లల్ల ఎవలూ గీ బియ్యం వండరు. పోసేటప్పుడు చూసుడే గని గిట్ల ఎన్నడు ఏరి చూడలే."

అంతసేపూ గడపలో నవ్వుతూ నిలబడ్డ సుల్తాన్ బీ, ఎప్పుడు వెళ్లిందో వంటింట్లోకి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే గిన్నెలు తోముతోంది. సొంత ఇంట్లో గిన్నెలే కోడలు తహసీన్‌కు వదిలేసే మనిషి.

"సుల్తానా" అంది ఆనందమ్మ.

"వినవడ్తలేదు. నల్ల తిప్పిన."

"నల్లలల్ల నీళ్లు పొద్దుగాల్నే బందయినయి. గిటు రా."

సుల్తాన్ బీ వచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గోడకేసి చూస్తూ నిలబడింది. చివరికి ఆమె చెప్పింది విని ప్రిస్కిల్లా కళ్లు చెమ్మగిల్లాయి. పదకొండేళ్ల కింద సుల్తాన్ బీ భర్త అబ్బాస్ మీద బొగ్గుబాయిలో కప్పు కూలి కాలు నుజ్జయింది. ఆరు నెలలు మంచంలోనే ఉన్నాడు. అప్పుడు ఈ డబ్బాలోని బియ్యం ఆ ఇంటికి మూడుసార్లు వెళ్లాయి. ఆనందమ్మ చెంగు కింద దాచుకుని తీసుకెళ్లింది. ఎవరికీ చెప్పలేదు, వెస్లీకి కూడా.

"అబ్బాస్ లేచి డ్యూటీ ఎక్కిన శుక్రవారం నుంచి నేను గూడ ఒక పిడికెడు పోస్తున్న అక్కా. కరేపాకు కోసం వస్త గద, గప్పుడు. నీ సిలువ చెరగకుండ అంచు పొంటి మెల్లగ పోస్త."

"పదకొండేండ్ల సందా?"

"హా. నాగా లేదు."

ఆనందమ్మకు కన్నీళ్లు రాలేదు, కోపం వచ్చింది. నిజమైన కోపం. "కోతపండుగ నాడు బియ్యం ఇచ్చిన ఇండ్ల పేర్లు నిలవడి చదువుతనే! దేవుని ముందర, సంఘం ముందర పద్దెనిమిది పేర్లు చదివి గిన్నే అని కాయిదం మడుస్త. పదకొండు సార్లు తప్పు చదివిపిచ్చినవ్ నాతోని. నన్ను అబద్ధాలదాన్ని చేసినవ్ కదనే!"

"తౌబా! నా పేరు చదివితే మల్ల జిందగీల పిడికెడు పొయ్య!"

"చదువుత. రేపే చదువుత. ప్రిస్కిల్లా, కాయిదం తే. పందొమ్మిదోది రాయి."

ప్రిస్కిల్లా కాగితం కోసం లేస్తుంటే ఫోన్ మోగింది. 'గరిటె పట్టు' పిల్ల. సోమవారం నుంచి రోజుకొకసారి చేస్తోంది, గొంతు చక్కెర పాకంలా ఉంటుంది. చేతులకు బియ్యం పిండి అంటుకుని ఉండడంతో ప్రిస్కిల్లా స్పీకర్ నొక్కింది.

"మేడమ్, నమస్తే! చిన్న పని. మీ ఫామ్ ఫైనల్ చేస్తున్నాను. బియ్యం రకం దగ్గర హెచ్ఎంటీ అని రాసేయనా?"

రాసేయమంటే అయిపోతుంది. అడిగేవాళ్లు లేరు, తెలిసేవాళ్లు లేరు. ప్రిస్కిల్లా అత్త వైపు చూసింది. ఆనందమ్మ చాటలో కుప్పలను మళ్లీ కలిపేస్తోంది. సోమవారం చెప్పింది పొరపాటు. ఇప్పుడు చెబితే అబద్ధం. ఆ రెంటికీ తేడా ఎంతో ప్రిస్కిల్లాకు ఆ క్షణంలో బాగా తెలిసింది.

"లేదమ్మా. అవి హెచ్ఎంటీ కావు. మా చర్చి డబ్బాలయి. పందొమ్మిది ఇండ్ల బియ్యం కలిసినయి. నేను చూడక తెచ్చిన. సార్‌కు గదే చెప్పు. వద్దంటే రాను."

అటువైపు ఆ పిల్ల "ఒక్క నిమిషం మేడమ్" అని మాయమైంది. ఒక్క నిమిషం అయిదు నిమిషాలైంది. మధ్యలో ఏదో నూనె ప్రకటన పాట వినిపించింది. సుల్తాన్ బీ ఆ పాటను కూడా వదలకుండా, "గా నూనెల బజ్జీలు ఏస్తే నల్లగయితయి" అని గొణిగింది.

"మేడమ్!" ఆ పిల్ల తిరిగొచ్చింది. "సార్ చాలా సంతోషపడ్డారు. ఆయన అన్నం నలిపి చూసినప్పుడే ఒకటే రకం కాదని అనుమానం వచ్చిందట. రమ్మంటున్నారు. కానీ అందులో ఒక వాసన ఉందట కదా, కాల్చిన మొక్కజొన్నలాగా? ఆ బియ్యం మాత్రం తప్పకుండా తెమ్మన్నారు. ఒక్క గిలాస చాలు. అది లేకపోతే మాత్రం... వెయిటింగ్‌లో ఉన్నావిడను పిలవాల్సి వస్తుంది మేడమ్. ఏమీ అనుకోకండి."

ఫోన్ పెట్టేసింది. ప్రిస్కిల్లా ఎగిరి గంతేసి సుల్తాన్ బీ రెండు చేతులూ పట్టుకుంది. "ఖాలా! నీ బియ్యమే అడిగిన్రు! ఒక్క గిలాస!"

సుల్తాన్ బీ మొహంలో నవ్వు లేదు. "ఏడికెళ్లి తెద్దు బేటీ? అయిపోయినయి. పోయిన శుక్రవారం పోసిందే ఆఖరి పిడికెడు. నిన్న వచ్చి ఉత్త కరేపాకు కోస్కపోయిన."

ముగ్గురూ డబ్బా వైపు చూశారు. ఏడాదిగా పోసిన ఆమె పిడికెళ్లు అందులోనే ఎక్కడో అంచు వెంట ఉన్నాయి, ఒక గిలాసకు సరిపడా. ఏరుకోవచ్చు. ముగ్గురు కూర్చుంటే సాయంత్రానికి ఏరేయొచ్చు కూడా. ప్రిస్కిల్లా చెయ్యి తనకు తెలియకుండానే కొంచెం ముందుకు పోయింది. ఆనందమ్మ చాటలో బియ్యం డబ్బాలోకి వంపింది, తన ఇంటి డబ్బాలోంచి నాలుగు గిలాసలు తెచ్చి గుంట పూడ్చింది, అరచేత్తో చదును చేసి వేలితో సిలువ గీసింది. మూత బిగించింది.

"ఇచ్చినయి ఇచ్చినయే బిడ్డా. రేపు ఊరు తింటది" అంది. కసురుకోలేదు, మెల్లగానే అంది. ప్రిస్కిల్లా చెయ్యి వెనక్కి తీసుకుంది. సిగ్గేసింది.

"ఖాలా, గా బియ్యం పేరేంది? కరీంనగర్‌ల దొరుకతయేమో, గ్రూపుల అడుగుత."

"పేరా? మా ఇంట్ల వాటికి పేరు లేదు. అవి అంటే అవే. మంథనిల మా తమ్ముడు అమీర్ ఒక్క మడిల ఏస్తడు, ఇంట్ల తినే మందం. ఏడాదికి ఒక సంచి నాకు పంపుతుండె." సుల్తాన్ బీ ఆగింది. "గీయేడు పంపలే."

ఎందుకు పంపలేదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఏడు నెలల కింద అమీర్ కూతురు యాస్మీన్ పెళ్లి. వియ్యంకుల పక్కన కూర్చుని మొదటి ముద్ద తిన్న సుల్తాన్ బీ, నలుగురూ వినేలా, "ఇది బిర్యానీ కాదు, పసుపన్నం" అంది. వండించింది అమీర్. రాత్రంతా డేగిసాల పక్కన నిలబడి మరీ వండించాడు. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. రంజాన్‌కు ఫోన్ లేదు, బక్రీదుకు కబురు లేదు.

"విత్తనానికని ఒక కుండెడు దాస్తడు" అంది సుల్తాన్ బీ, తనతో తానే అనుకుంటున్నట్టు. "దాసిండో లేదో."

ఫోన్ చేయమని అడిగే మొహం ప్రిస్కిల్లాకు లేదు. సుల్తాన్ బీయే జాకెట్‌లోంచి ఫోన్ తీసి, కళ్లు చికిలించి, అమీర్ పేరు వెతికి నొక్కింది. ప్రిస్కిల్లాను చూసి నేర్చుకున్నట్టు స్పీకర్ కూడా నొక్కింది. మూడు రింగులు. నాలుగు. ఎత్తాడు. సలాం లేదు, బాగున్నావా లేదు.

"ఆపా" అన్నాడు అమీర్. "యాస్మీన్ పెండ్లిల బిర్యానీ ఎట్లుండె?"

సుల్తాన్ బీ కంగారుగా ఆనందమ్మ వైపు చూసింది. ఆనందమ్మ వేలికి ఇంకా బియ్యం పిండి అంటుకునే ఉంది.

"మంచిగుండె అను ఆపా. ఒక్క మాట. అటెనుక ఏమడిగినా ఇస్త. లేకుంటే ఫోన్ వెట్టెయ్యి."

ప్రిస్కిల్లా రెండు చేతులతో వద్దన్నట్టు సైగ చేసింది, తర్వాత అనమన్నట్టు సైగ చేసింది, తర్వాత ఏం చేయాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తిండి విషయంలో ఒక్క అబద్ధం ఆడని సుల్తాన్ బీ గుండెల నిండా గాలి పీల్చుకుని, నోరు తెరిచింది.